తండా మాటకూ ఒక చరిత్ర ఉంది

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్ర రాయమంటే ఎవరైనా దేవరకొండ దుర్గంతోనో, పానగల్లు పచ్చల సోమేశ్వరాలయంతోనో, ఆలంపురం గుడులతోనో మొదలుపెడతారు. రాతి మీద నిలిచిందే చరిత్ర అనుకోవడం మనకు అలవాటు. స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం ఇవ్వమన్నప్పుడు, నోటి మాటలో నిలిచిన చరిత్ర గురించి రాయాలనిపించింది. తండాలో పుట్టి, మన బడిలో తెలుగు చదువుకుని, ఆ తర్వాత ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఇది నాకు దగ్గరి విషయం.

మన వైపు తెలుగు, ఉర్దూ మాత్రమే లేవు. ఎరుకలవారు తమలో తాము మాట్లాడుకునే కుర్రు భాష తమిళానికి దగ్గరి ద్రావిడ భాష. అమ్రాబాద్ అడవుల్లోని చెంచుల మాట మాత్రం తెలుగే. 1940లో వారి మధ్య తిరిగి అధ్యయనం చేసిన హైమెన్‌డార్ఫ్, 1943లో వారి మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. అప్పటికే వారు తెలుగు మాట్లాడేవారు. దేవరకొండ నుంచి అచ్చంపేట, కల్వకుర్తి దాకా తండాల్లో వినిపించేది మా లంబాడీ భాష. మేం దాన్ని ‘గోర్ బోలి’ అంటాం. మేం ‘గోర్’, బయటివారు ‘కోర్’.

ఈ భాష ఎక్కడిదో తెలుసుకోవడానికి శాసనాలు అక్కర్లేదు. ‘నీ పేరేమిటి’ అనడానికి మేం ‘తారో నామ్ కాయీ ఛ’ అంటాం. ఆ చివరి ‘ఛ’ గుజరాతీలో ‘ఛే’. ‘కాదు’, ‘లేదు’ అనడానికి మేం వాడే ‘కోని’ మార్వాడీలోనూ ఉంది. నీళ్లు ‘పాణి’, అమ్మ ‘యాడి’, రొట్టె ‘బాటి’. తెలుగు నేల మీద తరతరాలుగా బతుకుతున్నా, ఇంటి మాట రాజస్థాన్ వైపు దారి చూపుతూనే ఉంది. గ్రియర్సన్ భారతీయ భాషా సర్వేలో 1907లో అచ్చయిన తొమ్మిదో సంపుటం మూడో భాగం ఈ భాషను రాజస్థానీకి చేరువగానే ఉంచింది. 1970లో రోనాల్డ్ ట్రెయిల్ దీని వ్యాకరణాన్ని ఒక గ్రంథంగా ప్రచురించాడు.

అంత దూరం నుంచి ఈ మాటను మోసుకొచ్చినవి ఎద్దులు. మా పెద్దలు ఎద్దుల వీపున ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవారు. ఆ వ్యాపారాన్ని ‘లదేణి’ అనేవారు. లంబాడీ అన్న పేరే ‘లవణం’ నుంచి వచ్చిందని కొందరు పండితుల మాట. మొగలు సేనలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు తిండిగింజలు అందించినవారూ వీరే. రైలు వచ్చాక ఎద్దుల బేరం పడిపోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడిచింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని ప్రాంతాల్లో బంజారాల మీద దొంగలన్న ముద్ర వేసింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. బేరం పోయినవారు మన మెట్ట భూముల అంచున, గుట్టల పక్కన తండాలు కట్టుకుని సేద్యంలోకి దిగారు.

మన సంఘం మొదలైన రోజుల్లోనే, 1976లో వచ్చిన సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. హాస్టళ్లు, స్కాలర్‌షిప్‌లు, ఉద్యోగాలు తండాకు వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మనిషికి గుర్తింపు దొరికింది. మాటకు మాత్రం దొరకలేదు. 2011 జనగణనలో లంబాడీ మాతృభాషగా రాయించుకున్నవారు దేశంలో 32 లక్షలకు పైనే. అయినా ఆ లెక్కను హిందీ కింద కలిపేశారు. మా అవ్వకు హిందీలో ఒక్క ముక్క రాదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. మెక్సికో దక్షిణాన చియాపాస్, ఒహాకా ప్రాంతాల్లో సోకే అనే ఆదివాసుల భాషలున్నాయి. ఒక్కటే భాష అనుకునేంత దగ్గరగా కనిపిస్తాయి గానీ, అదొక చిన్న భాషా కుటుంబం. మనం చాక్లెట్‌లో తినే కకావ్ గింజ పేరు ఆ భాషల పూర్వరూపం నుంచే వచ్చిందని 1976లో క్యాంప్‌బెల్, కాఫ్‌మన్ అనే భాషావేత్తలు వాదించారు. 1982లో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం బద్దలై సోకే ఊళ్లు చెల్లాచెదురయ్యాయి. కొత్త చోట పిల్లలకు ఇంటి భాష నిలపడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అక్కడ 2003లో ఒక చట్టం చేసి ఆదివాసీ భాషలను జాతీయ భాషలుగా గుర్తించారు. అదే ఏడాది మన దేశంలో సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూల్లో చేరాయి. గోర్ బోలి బయటే ఉండిపోయింది.

మన దగ్గర ఏ అగ్నిపర్వతమూ పేలలేదు. మాట నెమ్మదిగా జారిపోతోంది. హైదరాబాద్‌లో, బెంగళూరులో స్థిరపడిన మా పిల్లల్లో చాలామందికి ‘యాడి’ అర్థమవుతుంది గానీ, పెళ్లికూతురు వెళ్లిపోతూ ఏడుస్తూ పాడే ఢావ్లో పాట రాదు. ఆ మాటనే పేరుగా పెట్టి నిజామాబాద్ జిల్లా రచయిత రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన తెలుగు కథల సంపుటికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. తండా మాట తెలుగు సాహిత్యంలో నిలబడగలదని దాంతో తేలింది.

మా భాషకు సొంత లిపి లేదు. మన దగ్గర తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాసుకుంటున్నారు. అది లోటని నేననుకోను. ఈ బడి మనకు నేర్పిన అక్షరాలు ఆ పనికి సరిపోతాయి. తండాల నుంచి వచ్చిన పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరు ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చుని వంద మాటలు, రెండు పాటలు, ఒక సామెత తెలుగు లిపిలో రాసి మన గ్రంథాలయానికి ఇవ్వాలి. ఎరుకల ఇళ్ల మిత్రులు కుర్రు మాటలు ఇవ్వాలి. ఉపాధ్యాయులు ఒకటో తరగతిలో తండా పిల్లవాణ్ణి మొదటి రోజు వాడి మాటలోనే పేరు అడగాలి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుంచే చెబుతోంది.

మన సంఘం తన నిధిలో కొంత భాగం ఈ సేకరణకు కేటాయించాలని నా మనవి. సభలో ఎవరు ముందుకొచ్చినా వారి నోటుపుస్తకం అందుకోవడానికి నేను సిద్ధంగా ఉంటాను.