గంజి తాగినోళ్లమే

"గంజి కోసం మతం పుచ్చుకున్నోళ్లు" అని ఊరు మమ్మల్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. దీనికి జవాబు మా ఒంగోలు చరిత్రలోనే ఉంది.

కరువుకి పదేళ్ల ముందే, 1866లో, మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుని పల్లెపల్లె తిరిగి యేసు సంగతి చెప్పాడు. అప్పుడు గంజి ఎవరు పోశారు? చచ్చిన గొడ్డు తినం, జాతరలో డప్పు కొట్టం అన్నందుకు మావాళ్లు తిన్నది దెబ్బలే.

1876-78లో ధాత కరువొచ్చింది. ఊళ్లో పన్లేదు, కుండలో గింజలేదు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టాడు. పని చూసేవాళ్లు మా బోధకులే. తట్ట దించి కూచున్నప్పుడు, బరువు మోసేవాళ్లకి నెమ్మదినిస్తానన్న యేసు మాట చెప్పేవాళ్లు. మట్టి మోసే నెత్తికి ఆ మాట వేరే విడమర్చి చెప్పాలా?

కరువు సాయం నడిచినన్నాళ్లూ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న నింద రాకూడదని. ఇక పంచడానికేమీ లేదని కబురుపెట్టినా జనం ఆగలా. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

గంజి తాగాం. ఆకలైతే ఎవరు తాగరు? గంజి అయిపోయాక కూడా నిలబడ్డాం. ఇంట్లో చావొచ్చినా, అప్పు మీదపడినా, మా ఆడోళ్లు మోకాళ్లూని తలుచుకునేది కాలవగట్టున విన్న ఆ మాటనే.