మంచుయుగం మన దగ్గరికి కరువై వచ్చింది

ఆదోని, ఎమ్మిగనూరు ఎండల్లో తిరిగే మనకు మంచుయుగం అంటే నవ్వొస్తుంది. నిజమే, ఇక్కడి కొండల మీద మంచు పేరుకోలేదు. ఆఖరి మంచుయుగం సుమారు 1,15,000 ఏళ్ల కిందట మొదలై 11,700 ఏళ్ల కిందట ముగిసింది. 20,000 ఏళ్ల కిందట చలి బాగా ముదిరింది. సముద్రపు నీరు ఉత్తర ఖండాల మీద మంచుగడ్డై, సముద్రమట్టం దాదాపు 120 మీటర్లు దిగింది. మన నైరుతి వానలు సన్నగిల్లాయి. మంచు అక్కడ, కరువు ఇక్కడ!

ఆ కాలంలో ఇక్కడ మనుషులున్నారా? ఉన్నారు. మనకు తూర్పున, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో సాక్ష్యం ఉంది. 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద గాలిలో వచ్చి అక్కడ పొరగా పడింది. పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పైనా దొరికాయి.

గిన్నెలు తోమే పొడి కోసం ఆ బూడిదను చాలా తవ్వేశారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మిగిలిన పొరనైనా ఒకసారి వెళ్లి చూసి రండి.