సుల్తాన్ బజార్‌లో ఇంగ్లీషు నానార్థాలు

హైదరాబాద్‌లోని సుల్తాన్ బజార్ పాత పేరు రెసిడెన్సీ బజార్. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఉండే దొర హోదా రెసిడెంట్, ఆయన మేడ రెసిడెన్సీ. జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803లో కట్టించడం మొదలుపెట్టిన ఆ మేడ పక్కన పెరిగిన బజారు మీద అధికారం తెల్లవాళ్లదే. 1933లో అది నిజాంకు తిరిగి దక్కాక పేరు మారింది. మేడను జనం కోఠీ అనేవారు. పేట పేరు అలా కోఠి అయింది. బోర్డుల మీద ‘కోటి’ అని రాసినా దానికి లెక్కలతో సంబంధం లేదు.

రెసిడెంట్‌కు మూలం కూర్చోవడమనే అర్థమున్న లాటిన్ ధాతువు. మన సదస్సులోని ‘సద్’ దానికి జ్ఞాతి. వాడుక ఇంగ్లీషులో ఈ మాటకు నివాసి అని అర్థం, కంపెనీ కాగితాల్లో రాయబారి. ఇదే కోఠిలోని ఉస్మానియా వైద్య కళాశాలకు వెళితే, రెసిడెంట్ అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చదివే డాక్టరు. పూర్వం వాళ్లు ఆసుపత్రిలోనే మకాం ఉండేవారు గనుక ఆ పేరు వచ్చింది. రాయబారి దొర కూర్చున్నచోటి నుంచే రాజ్యంలో వేలుపెట్టాడు. డాక్టరుకు మాత్రం కూర్చునే తీరికే ఉండదు. 1901లో ఈ బజారులోనే రావిచెట్టు రంగారావు ఇంట్లో వెలిసిన గ్రంథాలయం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పేరు చూడండి: రెసిడెన్సీకి దగ్గరి తెలుగు మాట నిలయమే.

పక్కనే ఉన్న బ్యాంక్ స్ట్రీట్ కథ ఇంకా చిత్రమైనది. డబ్బు దాచే బ్యాంకు, ఇటలీలో వడ్డీ వ్యాపారులు ముందు వేసుకున్న బల్ల పేరు నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చింది. నది ఒడ్డు అనే అర్థమున్న బ్యాంకు స్కాండినేవియా వైపు నుంచి వచ్చింది. నిఘంటువులు వీటిని రెండు మాటలుగానే ఇస్తాయి. కానీ తవ్వుకుంటూ పోతే రెండూ ఒకే పాత జర్మానిక్ మాటకు చేరతాయి. బ్లడ్ బ్యాంకు మొదటిదాని పిల్ల. మూసీ ఒడ్డు రెండోదాని కిందికి వస్తుంది.

బ్యాంకుల్లో చూడ్డానికి ఒకటే మాట, నిఘంటువుల్లో రెండు. డిపోది దీనికి తలకిందుల వ్యవహారం. బుక్ డిపో, బస్ డిపో, బ్యాంకులో డిపాజిట్ అన్నీ ‘దాచి ఉంచినది’ అనే ఒకే లాటిన్ మాట సంతానం.

ఇంగ్లీషుకు మనమూ అప్పిచ్చాం. తెలుగు పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది. తెల్లవాళ్లు ఆ పేరును ఆస్ట్రేలియాకు మోసుకెళ్లి, ఎలుక జాతికే చెందని, కంగారూలా కడుపుసంచిలో పిల్లల్ని పెంచే జంతువుకు తగిలించారు.