గూన కప్పు ఎక్కే మనుషులేరి?

పుష్యమాసం వచ్చేసరికి ఇంటి మీదికి పాకించిన ఆనిగెపు తీగ ఎండిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గూన ఇండ్లున్న, అంటే కుమ్మరి పెంకు కప్పిన ఇండ్లున్న ఊళ్లలో ఆ తీగను గుంజి పారేయడంతోనే కప్పు మీద చలికాలపు పని మొదలయ్యేది. గూనంతా దించి, తిరగేసి కప్పడం ఎండాకాలంలో, మిరుగం (మృగశిర కార్తె) చొరకముందు చేసుకునే పెద్ద పని. చలికాలంలో చేసేది దానికి తమ్ముడు: ఆకు అలము ఊడ్చడం, పాశి గీకడం, పగిలినవి ఎక్కడున్నాయో చూసి పెట్టుకోవడం. ఇది ఎగ్గొట్టినవాళ్లకు ఎండాకాలంలో కూలి రెట్టింపు పడేది.

గూనకు అచ్చు అక్కర్లేదు. కుమ్మరి సారె మీద అడుగు లేని గొట్టాన్ని లేపుతాడు, ఒక కొస కొంచెం సన్నగా. కాస్త ఆరాక నిలువునా చీలిస్తే రెండు గూనలు. వాటిని ఎండబెట్టి ఆవంలో కాలుస్తాడు. కప్పు మీద ఒక వరుసను వెల్లకిలా పేరుస్తారు, వాన నీళ్లు అందులోంచి జారిపోవాలి. రెండు వరుసల మధ్య సందును బోర్లించిన గూనలు మూస్తాయి. మేకు ఉండదు. కొప్పు దగ్గర తప్ప సున్నమూ ఉండదు. బరువు మీద, వాలు మీద అలా నిలబడి ఉంటుందంతే. అందుకే వెల్లకిలా ఉన్న గూనలో చింతాకు, దుమ్ము, పిట్టగూళ్ల చెత్త చేరితే కథ మారిపోతుంది. పాశి ఆ చెత్తను పట్టి ఉంచుతుంది, నీళ్లు అడ్డం తిరిగి పక్కకు పొర్లి వాసాల మీద పడతాయి. గోడకు చెమ్మ కనిపించే నాటికి పైన కట్టె మెత్తబడే ఉంటుంది.

ఈ పనికి చలికాలమే ఎందుకంటే, వానల్లో పాశి ఉబ్బి జిగటగా ఉంటుంది, ఎండల్లో గూన ముట్టుకోనివ్వదు. ఈ రెండింటి నడుమ పాశి ఎండి, పొరక తగిలితే రాలిపోయే రోజులివి. అయితే తెల్లవారుజామున ఎక్కకూడదు. మంచు పట్టిన గూన మీద కాలు నిలవదు. పొద్దు బాగా ఎక్కి కప్పు ఆరాకే నిచ్చెన వేయాలి, సాయంత్రం చల్లబడకముందే దిగాలి. చేతికి దొరికే పని గంటలు తక్కువే. గూన సందుల్లో దాగిన తేళ్లు చలికి ముడుచుకుని ఉంటాయి కనుక ఆ ఒక్క విషయంలో కాలం మనిషి వైపే ఉంటుంది. నీళ్లు పోసి కడగడం ఇందులో లేదు. గూన నీళ్లు తాగుతుంది, మళ్లీ పాశి పడుతుంది.

ఐరోపాలో చలికి పెంకులే పగులుతాయి. తాగిన నీళ్లు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పెంకు పొరలుగా లేచిపోతుంది. జగిత్యాలలో కొన్ని రాత్రులు పది డిగ్రీల కిందికి దిగినా గడ్డకట్టేంత చలి రాదు. ఇక్కడ గూనను పగలగొట్టేది మనిషి కాలు, ఆ తర్వాత కోతి. తెలిసిన పనివాడు గూన మీద నడవడు. ఒక వరుస ఎత్తి పక్కన పెట్టి, బయటపడ్డ వాసం మీద కూర్చుని పక్క వరుస సర్దుకుంటూ పోతాడు. కోతికి ఆ ఓపిక ఎక్కడిది? పొరుగునే ఉన్న నిర్మల్‌లో 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. ఊళ్లలో కప్పుల మీద వాటి పరుగు మాత్రం ఆగలేదు.

మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. అలాంటి ఫ్యాక్టరీల్లో అచ్చుపోసిన బల్లపరుపు పెంకునే మనవాళ్లు బెంగుళూరు పెంక అన్నారు. అది ఉన్నవాళ్ల ఇండ్ల మీదికి ఎక్కింది. ఆ పెంకులు ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకుంటాయి కనుక సర్దుడు తక్కువ. కానీ దూరం నుంచి రావాలి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం 1929లోనే పూర్తయినా జగిత్యాలకు రైలు ఈ శతాబ్దంలో గానీ రాలేదు. ఊళ్లో కుమ్మరి గూన అన్నాళ్లు నిలవడానికి ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది.

గూన ఇండ్లు పోవడానికి దుబాయి పైసలే కారణమని అందరూ అంటారు. సగమే నిజం. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల వైపు మగవాళ్లు గల్ఫ్ దారి పట్టారు. సిరిసిల్ల నేతగాళ్లు మహారాష్ట్రలోని భివండీ మగ్గాలకు పోయారు. ఇంట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు మిగిలారు. ఏటా రెండుసార్లు కప్పు ఎక్కే మనిషే లేకుండా పోయాడు. పైసలు రాకముందే ఆ ఇంటికి చేతులు కరువయ్యాయి. స్లాబు వేసుకుంది గొప్ప కోసమే అయితే, గొప్పకు పోని ఇండ్లమీదికి రేకులెందుకొచ్చినట్టు? స్లాబైనా రేకైనా ఎవరినీ పైకెక్కమని అడగదు. మే నెలలో ఇల్లు కొలిమిలా కాలినా ఫ్యాను వేసుకుని సర్దుకున్నారు. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంతో పేదల ఇంటికీ స్లాబే లెక్కయింది.

మిగిలిన గూన ఇండ్లవాళ్లకు ఇప్పుడు పాశి కన్నా పెద్ద చిక్కు కొత్త గూన దొరక్కపోవడం. ఆవంలో గూన కాల్చే కుమ్మరులు అరుదు. పగిలినదాని చోట పెట్టడానికి, ఊళ్లో ఎక్కడైనా పాత ఇల్లు విప్పుతున్నారంటే ముందే మాట్లాడుకుని గూన బండికెత్తుకోవాలి. విప్పేటప్పుడు సగం పగులుతాయి కాబట్టి కావలసినదానికి రెట్టింపు అడగడం మంచిది.