కౌలు అంటే మాట

దుబాయ్ వచ్చిన కొత్తలో, అంటే 2013లో, కరామాలో నేను అద్దెకి తీసుకున్నది ఇల్లు కాదు, గది కూడా కాదు. ఒక మంచం. దీన్ని ఇక్కడ బెడ్ స్పేస్ అంటారు. కంప్యూటర్ సైన్సులో ఎమ్‌టెక్ చేసి, విజిటింగ్ కార్డు మీద కన్సల్టెంట్ అని వేయించుకున్న వాడికి అదీ వైభోగం. ఫ్లాటు మనవాడి పేరు మీదే ఉంది. "అన్నా, ఏమన్నా కాగితం రాసుకుందామా?" అని అడిగితే, "మనలో మనకి కాగితాలేంటి తమ్ముడూ" అన్నాడు. అంత ఆప్యాయంగా అన్నాక ఇంకేం అడుగుతాం? మూడు నెలల డబ్బు చేతిలో పెట్టాను.

రెండో నెలలో ఒక శుక్రవారం పొద్దున్నే నాతూర్ తలుపు కొట్టాడు. నాతూర్ అంటే ఇక్కడి వాచ్‌మన్ లెండి. అన్నగారి చెక్కు బౌన్సయింది, ఆయన ఊరెళ్ళిపోయాడు. అయిదుగురం మంచాల మీద కూర్చుని ముఖాలు చూసుకున్నాం. యజమాని తరపు మనిషి అడిగింది ఒకటే ప్రశ్న: "మీ కాంట్రాక్టు ఏది?" వారంలో సామాన్లు సర్దుకున్నాం. డబ్బు గురించి ఆలోచించడం కూడా మానేశాం.

ఆ కోపంతో చదవడం మొదలుపెట్టాను. (ప్రోగ్రామర్లకి కోపం వస్తే మాన్యువల్ తీస్తారు.) దుబాయ్‌లో అద్దె తగాదాల కోసం 1993లోనే ఒక ప్రత్యేక న్యాయ కమిటీ వేశారు. తర్వాత రియల్ ఎస్టేట్ బూమ్ వచ్చింది. అద్దెలు పట్టపగ్గాల్లేకుండా పెరుగుతుంటే ప్రభుత్వం 2005లో పెంపు 15 శాతం దాటకూడదంది, 2007లో 7 అంది, 2008లో 5 అంది. అయితే అసలు పాత అద్దె ఎంతో రుజువుండాలి కదా? 2007లో వచ్చిన 26వ నంబరు చట్టం ఆ పని చేసింది. ఒప్పందంలో ఇల్లు ఏది, గడువెంత, అద్దె ఎంత, ఎలా కట్టాలి, యజమాని ఎవరు అన్నవి సందేహం లేకుండా రాయాలి. రాసింది రిజిస్టర్ చేయించాలి. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా మళ్ళీ ఇంకొకరికి అద్దెకివ్వకూడదు. అదిగో, మా అయిదు మంచాలూ అక్కడే తేలిపోయాయి.

ఆ రిజిస్ట్రేషన్‌కి 2010లో పెట్టిన ఆన్‌లైన్ వ్యవస్థ పేరు ఈజారీ. అరబిక్‌లో "నా అద్దె" అని అర్థం. 2016లో మా ఆవిడ వీసాకి కావాల్సిన కాగితాల్లో అదీ ఒకటి. నా పేరు మీద మొదటి ఈజారీ ప్రింటు తీసుకున్న రోజు, చెప్తే నవ్వుతారు, డిగ్రీ పట్టా అందుకున్న రోజుకంటే సంతోషం వేసింది.

ఆ పదం ఎక్కడో విన్నట్టుందే అని ఆలోచిస్తే తట్టింది. మన ఇజారా! నైజాం కాలపు ఇజారాదార్లు, ఇజారా గ్రామాలు గుర్తున్నాయా? అదే ధాతువు. అంతకన్నా ఆశ్చర్యం "కౌలు". అరబిక్ "ఖౌల్" నుంచి ఫార్సీ మీదుగా మన దాకా వచ్చింది. అర్థం: మాట. నోటితో ఇచ్చిన మాట.

కానీ చరిత్రలో మన కౌలు నోటిమాటగా మిగిలిపోలేదు. కంపెనీ రోజుల్లో కౌలంటే రాసిచ్చిన కాగితమే. మద్రాసు ప్రభుత్వం 1802లో 30వ రెగ్యులేషన్ తెచ్చి, జమీందార్లు రైతులకి పట్టాలు రాసివ్వాలంది. 1865 చట్టం ఇంకా గట్టిది. జమీందారు పట్టా ఇచ్చి, రైతు దగ్గర ముచ్చిలికా పుచ్చుకుంటేనే (కనీసం పట్టా ఇవ్వజూపితేనే) శిస్తు కోసం దావా వేయగలడు. అంటే కాగితం లేకపోతే నష్టం పెద్దవాడిది! దుబాయ్‌లో నాకు జరిగిందానికి సరిగ్గా తిరగేసి.

1882 ఆస్తి బదిలీ చట్టం, 107వ సెక్షనుతో లెక్క మారింది. ఏడాది దాటిన లీజుకి రిజిస్టరైన పత్రం ఉండాలి, అంతకు తక్కువైతే నోటిమాటా, స్వాధీనమూ చాలు. దాంతో దేశమంతా పదకొండు నెలల అగ్రిమెంట్లు పుట్టుకొచ్చాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరణ చేసి లీజులన్నీ రిజిస్టర్ చేయాల్సిందే అన్నా, పదకొండు అంకె మీద మనకున్న భక్తి తగ్గలేదు.

పొలాల సంగతి ఇంకా విచిత్రం. కౌలుదారుకి రక్షణ ఇవ్వాలని తెలంగాణ ప్రాంతంలో 1950లో, ఆంధ్ర ప్రాంతంలో 1956లో చట్టాలొచ్చాయి. రాసిస్తే పొలం పోతుందేమోనని భూస్వాములు రాయడమే మానేశారు. రక్షించడానికొచ్చిన చట్టం కాగితాన్ని మాయం చేసింది. మళ్ళీ దాన్ని వెనక్కి తేవడానికి 2011లో ఒక చట్టం, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం. ఈ రెండోదాని ప్రకారం యజమాని సంతకం పెడితే కౌలురైతుకి కార్డు వస్తుంది, దాంతో పంట రుణం, నష్టపరిహారం అడగొచ్చు. కార్డు గడువెంతో ఊహించండి. పదకొండు నెలలు!

ఇంతదాకా చెప్పి ఆపేస్తే నేను బాధితుణ్ణి, కథ బాగానే ఉంటుంది. కానీ గోదావరి జిల్లాలో మాకు రెండెకరాలుంది. పాతికేళ్ళుగా ఒకాయనే చేస్తున్నాడు. నేను బాబాయ్ అంటాను. 2022లో సెలవుకి వెళ్ళినప్పుడు ఆయన ఫారం పట్టుకుని వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్న నవ్వుతూ అన్నారు: "మనలో మనకి కాగితాలెందుకురా."

అదే వాక్యం. అదే ఆప్యాయత.

ఆ రాత్రి నాన్నకి చట్టం చదివి వినిపించాను, యాజమాన్య హక్కుకి ఢోకా లేదని. ఆయన వినలేదు. అప్పుడు కరామా మంచం కథ చెప్పాను. తొమ్మిదేళ్ళుగా ఇంట్లో చెప్పని కథ. చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే కళ్ళజోడు అడిగి తీసుకుని సంతకం పెట్టారు.

బాబాయ్ మాత్రం ఆ ఫారం తీసుకుంటూ, "నీ మాట చాలు బాబూ" అన్నాడు. చాలదు బాబాయ్.