వెనక సీటు నుంచి చూసిన జీపు చరిత్ర

కారు కొనే మాట వచ్చినప్పుడల్లా మగవాళ్లు ఇంజను గురించి, మైలేజీ గురించి మాట్లాడుకుంటారు. మనల్ని అడిగేది రంగు ఒక్కటే. కానీ అత్తగారి మోకాళ్లకి చోటు చూసుకుంటూ, వాంతి చేసుకునే పిల్లాడికి కవరు పట్టుకుంటూ, ఘాట్ రోడ్డు మలుపుల్లో దేవుణ్ణి తలుచుకుంటూ ఆ బండి వెనక సీట్లో కూర్చునేది మనమే కదండీ. ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో చూసినా ఎత్తు బళ్లే. మా ఇంట్లోనూ 'ఫోర్ బై ఫోర్' అన్న మాట రోజుకి పదిసార్లు వినిపిస్తోంది. అసలు ఈ నాలుగు చక్రాల సంగతి ఎక్కడ మొదలైందో చూద్దామని కూర్చున్నాను. తవ్వుతూ పోతే ప్రపంచ యుద్ధం, దేశ విభజన, పార్లమెంటులో గొడవ, మన పంచాయతీ సమితులు, అన్నీ తగిలాయి.

1940లో యూరప్‌లో యుద్ధం నడుస్తోంది. అమెరికా ఇంకా దిగలేదు గానీ, దిగక తప్పదని అక్కడి సైన్యానికి తెలుసు. గుర్రాలు, పక్కన తొట్టి ఉన్న మోటారు సైకిళ్లు చేసే పనులన్నీ చేయగల చిన్న బండి కావాలని 135 కంపెనీలకి కబురు పెట్టారు. షరతులు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందాలి, బరువు 590 కిలోలు దాటకూడదు, నమూనా బండి 49 రోజుల్లో చేతికి రావాలి. పెద్ద పెద్ద కంపెనీలు మొహం చాటేస్తే, ఆ గడువుకి సరేనని ముందుకొచ్చింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. అప్పటికే దివాలా అంచున ఉంది పాపం. కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు రెండు మూడు రోజుల్లో నక్షాలు గీసేశాడు. 1940 సెప్టెంబర్ 23న, గడువు ఇంకో అరగంటలో ముగుస్తుందనగా బండి సైన్యం వాకిట్లో నిలబడింది.

బండి నచ్చింది. అంత చిన్న కంపెనీ వేలకి వేలు తయారుచేసి ఇవ్వగలదా అని మాత్రం సైన్యానికి అనుమానం. దాని నక్షాలు తీసి విల్లీస్‌కి, ఫోర్డ్‌కి కూడా చూపించారు. విల్లీస్ కంపెనీ దగ్గర బార్నీ రూస్ అనే ఇంజనీరు తీర్చిదిద్దిన 60 హార్స్‌పవర్ ఇంజను ఉంది. అందరికంటే బలమైనది, బరువైనది కూడా. సైన్యం బరువు పరిమితిని 980 కిలోల దాకా పెంచినా విల్లీస్ బండి ఇంకా ఎక్కువే తూగింది. అప్పుడు వాళ్లు బండి మొత్తం విప్పి, బోల్టుల పొడవు తగ్గించి, రేకు పలచన చేసి, రంగు కూడా ఒక్క పూతతో సరిపెట్టారట. ఇది చదువుతుంటే, అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుని కాటా మీద పెట్టి, ఆవకాయ సీసా తీసి, పెట్టి, మళ్లీ తీసే మన అవస్థే గుర్తొచ్చింది నాకు.

చివరికి పెద్ద ఆర్డరు విల్లీస్‌కి దక్కింది. అదే బండిని ఫోర్డ్ కూడా చేసి ఇచ్చింది. యుద్ధం ముగిసేసరికి ఇద్దరూ కలిసి ఆరు లక్షలకి పైగా తయారుచేశారు. పురిటి నొప్పులు పడ్డ బాంటమ్‌కి మిగిలింది మూడు వేల లోపు బళ్లు, ఆ తర్వాత జీపు వెనక తగిలించే ట్రెయిలర్ల పని. 'జీపు' అన్న పేరు మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఫోర్డ్ బండి మీద ఉన్న జీ, పీ అక్షరాల నుంచి వచ్చిందని కొందరు, పొపాయ్ బొమ్మల కథలో ఎక్కడికైనా వెళ్లిపోగల 'జీప్' అనే వింత జంతువు నుంచి వచ్చిందని కొందరు అంటారు. నాకైతే రెండోదే నచ్చింది.

ఇంతకీ నాలుగు చక్రాలకీ బలం అందడం అంటే ఏమిటి? బతుకమ్మ ఆడేటప్పుడు చూడండి, లోపలి వరసలో వాళ్లు చిన్న అడుగులు వేస్తారు, బయటి వరసలో వాళ్లు పెద్ద అంగలు వేయాలి. బండి మలుపు తిరిగేటప్పుడూ అంతే. బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. అందుకని రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ల చక్రాల అమరిక పెడతారు, ఎవరి వేగం వాళ్లది. తారు రోడ్డు మీద ఇది వరం. బురదలో మాత్రం ఇదే శాపం. ఒక చక్రం జారే చోట పడిందంటే, నీళ్లు పల్లానికి పోయినట్టు తిప్పుడంతా దానికే పోతుంది. అది గిరగిరా తిరుగుతూ మన చీరల మీద బురద చిమ్ముతుంది, గట్టి నేల మీదున్న రెండో చక్రం ఉలకదు పలకదు. మామూలు కారు దిగబడేది ఇలాగే.

జీపులో ముందు చక్రాలకి కూడా బలం కలపడానికి గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర, వేగం తగ్గించి లాగే శక్తి పెంచడానికి మరో కర్ర ఉండేవి. ఆ రెండోది వేస్తే బండి సగం వేగంతో నడుస్తుంది, లాగే బలం దాదాపు రెట్టింపు అవుతుంది. ఏటవాలు గట్టు ఎక్కాలన్నా, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజనే బండిని పట్టి ఉంచాలన్నా ఈ కర్రే దిక్కు. ఇంత ఉన్నా ముందొక చక్రం, వెనకొక చక్రం ఒకేసారి జారితే జీపు కూడా ఆగిపోవచ్చు. అందుకే ఈ కాలం బళ్లలో కొన్నిటికి వెనక డిఫరెన్షియల్‌ని తాళం వేసినట్టు బిగించే ఏర్పాటు ఉంటుంది. షోరూంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. సన్‌రూఫ్ సంగతి తర్వాత.

మన దేశానికి ఈ బండి వచ్చిన దారి ఇంకా చిత్రమైనది. 1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అనే అన్నదమ్ములు, మాలిక్ గులాం మొహమ్మద్ అనే ఆయనతో కలిసి ఉక్కు వ్యాపారం పెట్టారు. కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశం రెండు ముక్కలయ్యాక గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. ఇక్కడ కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఎం అండ్ ఎం అన్న పొట్టి పేరు మాత్రం మారే అవసరమే పడలేదు. విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం వాళ్లు ఆ రోజుల్లోనే మొదలుపెట్టారు.

సరిగ్గా అదే సమయంలో స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణంగా పేరుపడ్డ గొడవ కూడా జీపుల మీదే వచ్చింది. 1948లో కాశ్మీర్ యుద్ధానికని, లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమీనన్ మామూలు పద్ధతులు పక్కన పెట్టి, సుమారు 80 లక్షల రూపాయల జీపుల ఒప్పందం మీద సంతకం చేశాడు. చేరినవి 155 జీపులు, అవీ పనికిరానివని గోల. దాని మీద విచారణ జరిపిన సంఘానికి పెద్ద మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగారు, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన ఆయనే. చివరికి 1955లో ప్రభుత్వం ఆ ఫైలు మూసేసింది, మీనన్ మరుసటి ఏడాదే మంత్రి అయ్యాడు. మళ్లీ మన కథలోకి వద్దాం.

జీపు మన పల్లెల్లోకి సర్కారు బండిగానే అడుగుపెట్టింది. 1952లో సమాజ వికాస పథకాలు, 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు వచ్చాయి. బీడీవో గారి జీపు, సమితి ప్రెసిడెంటు గారి జీపు, తహసీల్దారు జీపు, ఆసుపత్రి జీపు. ఊళ్లోకి దుమ్ము లేచిందంటే ఎవరో అధికారి వచ్చాడని లెక్క. మా పెదనాన్నగారు ఉత్తరాంధ్రలో ఒక సమితి ఆఫీసులో జీపు డ్రైవరుగా చేశారు. మా చిన్నప్పుడు ఆయన చెప్పే కథల్లో రాముడూ కృష్ణుడూ ఉండేవారు కాదు, జీపే ఉండేది. ఎత్తు బానెట్ ఉండే ఆ రకం జీపుకి అంత ఎత్తు ఎందుకంటే, కొత్తగా పెట్టిన ఇంజను పాతదానికంటే పొడుగు, కింద పట్టలేదు, అందుకని మూత పైకి లేపారు. అంతే, అందం కోసం కాదు.

బండి నమ్మకంగా ఉండటం అంటే చెడిపోకపోవడం కాదని ఆయన మాటల్లో నాకు అర్థమైంది. అది తరచూ చెడిపోయేదే. కమాను పట్టీ విరిగేది, రేడియేటర్ కారేది, సెల్ఫ్ పనిచేయకపోతే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాల్సి వచ్చేది. కానీ చెడిపోయిన చోటే బాగయ్యేది. విరిగిన కమాను పట్టీకి వెదురు బద్ద కట్టి, నెమ్మదిగా ఇంటికి తెచ్చిన రోజులున్నాయట. ఊరి కమ్మరి, సైకిల్ షాపు కుర్రాడు కూడా చెయ్యి వెయ్యగలిగిన బండి అది. సమితులు పోయి మండలాలు వచ్చాక ఆ జీపుని వేలం వేశారు. కొన్న రైతు దానికి ట్రెయిలర్ తగిలించి చెరకు తోలుకున్నాడు.

ఇక అసలు మలుపు. 1980ల్లో మహీంద్రా ప్యూజో డీజిల్ ఇంజన్లు పెట్టడం మొదలుపెట్టింది. డీజిల్ చవక కాబట్టి జీపు మామూలు మనుషులకీ అందుబాటులోకి వచ్చింది. పదిమంది పట్టేలా పొడుగు చేశారు. కమాండర్, మార్షల్ అలా వచ్చినవే. అయితే పెళ్లిళ్లకీ సంతలకీ తిరిగే బండికి నాలుగు చక్రాల బలం దండగ ఖర్చు అనిపించింది. అందుకని చాలా బళ్లలో ఆ చిన్న కర్రలే లేవు, వెనక చక్రాలు మాత్రమే తోస్తాయి. మనం 'జీపు' అనుకుని ఎక్కిన బళ్లలో సగానికి పైగా లోపల ఉత్త వ్యానులే అంటే నమ్మాలి మరి. 1994లో వచ్చిన టాటా సుమో సంగతి చెప్పక్కర్లేదు. అది జపాన్ మల్లయోధుల పేరని చాలామంది అనుకుంటారు గానీ, సుమంత్ మూల్గావ్‌కర్ అనే టాటా పెద్దాయన పేరులోని మొదటి అక్షరాలవి. మన ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచినన్ని సుమోలు ఇంకెక్కడా లేచి ఉండవు. 2000లో బొలెరో, 2002లో స్కార్పియో వచ్చాయి. వీటిలోనూ ఎక్కువగా అమ్ముడైనవి రెండు చక్రాల డ్రైవ్‌వే.

ఆ పొడుగు జీపుల్లో మనం ఎలా కూర్చునేవాళ్లమో గుర్తుందా? వెనక ఎదురెదురుగా రెండు బల్లలు. ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర సంచులు. బెల్టు లేదు, తలకి ఆనుకునే దిండు లేదు, వెనక తలుపు బదులు ఒక గొలుసు. సడన్ బ్రేకు పడితే చంటిపిల్లని పట్టుకునేది తల్లి చెయ్యొక్కటే. బురదలో దిగబడటం కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదం, కానీ అప్పట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

2010లో థార్ అనే పేరుతో మహీంద్రా మళ్లీ ఆ పాత జీపు రూపాన్నే తెచ్చింది. అందులోనూ వెనక ఎదురెదురు బల్లలే. 2020లో పూర్తిగా కొత్తది చేశారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దవాళ్లకీ పిల్లలకీ నాలుగేసి స్టార్లు వచ్చాయి. జీపు ఆకారంలో ఉన్న బండిలో చంటిపిల్లల సీటు బిగించే కొక్కేలు చూడటం నాకు కాస్త వింతగానే అనిపించింది. మూడేళ్లు తిరక్కుండానే, 2023 జనవరిలో, రెండు చక్రాల డ్రైవ్ థార్ రూ. 9.99 లక్షల ప్రారంభ ధరకి వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న డీజిల్ ఇంజను, అందుకే పన్ను తక్కువ. మార్షల్ కథే మళ్లీ. బయటికి కొండలెక్కే బండి, లోపల ఊళ్లో తిరిగే బండి. ఊళ్లోనే తిరిగేవాళ్లకి అది తప్పేమీ కాదు, కొనేముందు తెలిసి కొనాలి అంతే.

నిజంగా ఆ బలం అవసరమైన వాళ్లు వేరే ఉన్నారు. మా పుట్టిల్లు నర్సీపట్నం వైపు. అక్కణ్ణించి చింతపల్లి, పాడేరు కొండలకి సర్వీసు జీపులే దిక్కుగా ఉండేవి, లోపల ఎంతమందో పైన అంతమంది. ఇప్పటికీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొన్ని గూడేల నుంచి నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారని పేపర్లో చూస్తూనే ఉన్నాం. సన్నటి దారుల కోసం ప్రభుత్వం బైకు అంబులెన్సులు కూడా పెట్టింది. రోడ్డే లేని చోట ఏ కర్ర వేసినా లాభం లేదు, ఉన్న మట్టి రోడ్డు వానకి కరిగిపోయే చోట మాత్రం ఒక మంచి ఫోర్ వీల్ బండి ఒక కాన్పు దాటించగలదు. ఆ బళ్లేమో ఎక్కువగా మన సిటీ సెల్లార్లలో దుమ్ము కొట్టుకుంటున్నాయి.

కొన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపకూడదు. మలుపుల్లో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరగాల్సిన దూరాలు వేరు, రెంటినీ కలిపి బిగిస్తే లోపలి పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి నలుపుకుంటాయి. ఇంకొకటి, నాలుగు చక్రాల బలం బండిని కదిలించడానికే. ఆపడానికి కాదు. తడి ఘాట్ రోడ్డులో మీ బండి పక్కవాడి చిన్న కారు కంటే తొందరగా ఏమీ ఆగదు, బరువు ఎక్కువ కదా. ఇప్పటి డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ స్కూలుకీ కూరగాయల మార్కెట్‌కీ రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది పూడుకుపోయి దీపం వెలుగుతుంది. అప్పుడప్పుడు రింగ్ రోడ్డు మీద అరగంట ఒకే వేగంతో నడిపించాలి. ఇక ఆ ఫోర్ వీల్ కర్ర వాడకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే బిగుసుకుపోతుంది. పెదనాన్నగారు ప్రతి ఆదివారం జీపు కడిగాక, పని ఉన్నా లేకపోయినా, ఆఫీసు వెనక చెరువు గట్టు మీదికి తీసుకెళ్లి ఆ రెండు కర్రలూ వేసి, పది గజాలు ముందుకీ పది గజాలు వెనక్కీ నడిపి తెచ్చేవారట.