పిత్రార్జితము – పెండ్లిపందిరి



బిడ్డల భాగ్యమునకు వారి బుద్ధిబలమే మూలమని లోకము తలంచును. కుటుంబపు కట్టుబాటును, వివాహమును అంతకంటె బలవత్తరములని ధర్మశాస్త్రచరిత్రము చెప్పుచున్నది.

చాళుక్యచక్రవర్తియగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. ఆంధ్రదేశమున ఆస్తివిభాగములకు అదియే ప్రమాణమయ్యెను. దానిని బట్టి పుత్రుడు పుట్టుకతోడనే పిత్రార్జితమున భాగస్థుడు. తండ్రి గతించినను బాలునకు ఉమ్మడికుటుంబమున అన్నవస్త్రములు దొరకెను. ఇది ఆ వ్యవస్థయందలి సుగుణము.

అయితే కుటుంబద్రవ్యముతో ప్రత్యేకవిద్య నేర్చినవాని యార్జన యెల్ల ఉమ్మడిసొత్తుగా నెంచబడుచుండెను. 1921లో ప్రీవీకౌన్సిలువారు సివిలు సర్వీసు ఉద్యోగి సంపాదనకును ఈ న్యాయమునే అన్వయించిరి. ఇక అతని బిడ్డలకు మిగులునదేమి? 1930వ సంవత్సరపు విద్యార్జితధన శాసనము, విద్యవలన గలిగిన ధనము ఆర్జించినవానిదే యని నిర్ణయించి ఈ చిక్కును విడదీసెను.

ఇది పుత్రుల కథ. పుత్రికల కథ వేఱు. బాల్యవివాహము బాలిక చేతిలోని పలకను లాగికొనెను. 1929 నాటి శారదాశాసనము కన్యకు 14, వరునకు 18 ఏండ్లు కనీసవయస్సుగా విధించెను. 1978లో అవి 18, 21 ఆయెను. 1956 నాటి వారసత్వశాసనము వీలునామా లేక గతించిన తండ్రి స్వార్జితమున కుమార్తెకు భాగమిచ్చెను గాని, పిత్రార్జితమున జన్మహక్కు నీయలేదు. 1985 సెప్టెంబరు 5 నుండి ఆంధ్రప్రదేశమున ఆ హక్కును లభించెను. కాని అంతకుముందే పెండ్లియైనవారికి వర్తింపలేదు. ఒకే తల్లి బిడ్డలలో చెల్లెలు భాగస్థురాలు, అక్క పరాయిది! ముందుగా మెడలో తాళి పడుటయే అక్క చేసిన దోషము. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్రశాసనము ఈ భేదమును తుడిచివేసెను.

శాసనము మాఱినను ఆచారము మాఱవలసియున్నది. "కట్నమిచ్చితిమి గదా, భాగమేల?" అని అడుగువారు మనలో కలరు. 1961లోనే నిషిద్ధమైన కట్నము అత్తవారి చేతబడి కరగిపోవును. భాగము ఆడుబిడ్డ పేర నిలిచి, ఆమె సంతానపు చదువునకు ఆధారమగును. తల్లి పేర అరయెకరమున్న యింటి పిల్లలు బడి మానుట అరుదని, చిరకాలము ఉపాధ్యాయవృత్తియందుండిన మేము కనులార చూచితిమి.

కావున కాళ్ల పారాణి ఆఱకమునుపే ఆడపడుచుచేత హక్కువిడుదల పత్రముపై వ్రాలు చేయించుకొను దురాచారమును మన యిండ్లనుండి తొలగింతముగాక. ఆ వ్రాలుతో చేజాఱునది ఆమె భాగమొక్కటియే కాదు, మన మనుమల చదువుకూడ.